మదర్‌బోర్డులోని సాటా కంట్రోలర్‌ను వర్చువల్ మెషిన్‌కు అప్పగించడం: భద్రాచలం అటవీ సరిహద్దు మౌఖిక సామగ్రి పరిరక్షణ దృష్టితో పరిశీలన

వ్యాససంగ్రహం

క్షేత్రపర్యటనల్లో సేకరించే మౌఖిక సాహిత్యం నేడు దాదాపు పూర్తిగా డిజిటల్ రూపంలోనే నిలుస్తోంది. ఆ దస్త్రాలను భద్రపరచే బాధ్యత చిన్న కళాశాలల్లో తరచుగా ఒకే ఒక్క సర్వర్ మీద పడుతుంది. ఆ సర్వర్ అనేక వర్చువల్ మెషిన్లను నడుపుతున్నప్పుడు, దస్త్రాలను కాపాడే యంత్రానికి డిస్కులు ఏ రూపంలో కనబడాలన్నది కీలకమైన ప్రశ్న. మదర్‌బోర్డులోనే ఉన్న సాటా కంట్రోలర్‌ను మొత్తంగా ఆ యంత్రానికి అప్పగించే పద్ధతిని, అది పనిచేసే తీరును, దానికి మదర్‌బోర్డు నిర్మాణం విధించే హద్దులను ఈ వ్యాసం వివరిస్తుంది. భద్రాచలం పరిసరాల వరద స్వభావం, కోయ భాషాసామగ్రి స్థితి ఈ చర్చకు నేపథ్యం.

కీలక పదాలు: సాటా కంట్రోలర్, వర్చువల్ మెషిన్, పాస్‌త్రూ, ఐఓఎంఎంయూ, జెడ్‌ఎఫ్‌ఎస్, కోయ భాష, మౌఖిక సాహిత్యం, భద్రాచలం.

1. ఉపోద్ఘాతం

పూర్వపు ఖమ్మం జిల్లాలో పాల్వంచ, మణుగూరు, దుమ్ముగూడెం, చర్ల ప్రాంతాల అడవులు పరిపాలనా సరిహద్దులను లెక్కచేయకుండా గోదావరికి రెండు వైపులా విస్తరించి ఉన్నాయి. సరిహద్దులు మాత్రం పలుమార్లు మారాయి. 2014లో పోలవరం ముంపు పేరిట ఏడు మండలాలు, కొన్ని పూర్తిగా, కొన్ని పాక్షికంగా, ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం వేరు జిల్లా అయింది. ఒకే వంశగాథ పాడుకొనే కోయగూడేలు ఇప్పుడు వేర్వేరు రాష్ట్రాల్లో ఉన్నాయి; వాటిలో కొన్ని ముంపు జాబితాలోనూ ఉన్నాయి.

2011 జనాభా లెక్కల్లో కోయను మాతృభాషగా నమోదు చేసుకున్నవారు 4 లక్షలకు పైమాటే. అయినా ఈ భాషలోని సాహిత్యంలో అత్యధిక భాగం అచ్చులో లేదు, గొంతులో ఉంది. మణుగూరు ప్రాంతానికి చెందిన డోలి కోయ గాయకుడు సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల గాథను, కోయ వంశచరిత్రలను నోటికి నిలుపుకొని పాడినవారు. ఆయనకు 2022లో పద్మశ్రీ లభించింది. 2024లో ఆయన కన్నుమూశారు. అటువంటి గాయకుడు వెళ్ళిపోయిన తరువాత పరిశోధకుడికి మిగిలేది ఎవరో ఒకరు పట్టి ఉంచిన ధ్వనిముద్రణ మాత్రమే.

ముద్రితగ్రంథం పరిస్థితి వేరు. క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ గోదావరి లోయ కొండరెడ్ల మీద రాసిన గ్రంథం 1945లో వెలువడింది. స్టీఫెన్ టైలర్ గొమ్ముకోయ మాండలిక వ్యాకరణం 1969లో వచ్చింది. ఆ ప్రతులు అనేక గ్రంథాలయాల్లో ఉన్నాయి. ఒక గ్రంథాలయం కాలిపోయినా మరొకచోట దొరుకుతాయి. ఒక పరిశోధకవిద్యార్థి చర్ల వైపు గూడేల్లో నెలల తరబడి తిరిగి చేసిన ధ్వనిముద్రణ మాత్రం తరచుగా ఒక హార్డ్‌డిస్కులో, ఆ డిస్కు ఒక బీరువాలో ఉంటుంది. పిహెచ్.డి. పట్టా చేతికొచ్చాక ఆ బీరువాను తెరిచేవారు అరుదు.

అందుకే విభాగస్థాయిలో ఒక నిల్వ సర్వర్ ఉండాలన్న ఆలోచన సహజంగా వస్తుంది. అయితే చిన్న కళాశాలకు నిల్వకంటూ ప్రత్యేకంగా ఒక సర్వర్ కొనే స్తోమత ఉండదు. ఉన్న ఒక్క యంత్రంలోనే గ్రంథాలయ సూచిక కోసం కోహా, ప్రవేశాల నమోదు, వెబ్‌సైటు నడవాలి; వాటి పక్కనే ధ్వనిముద్రణలూ ఉండాలి. ఈ అవసరమే వర్చువల్ మెషిన్ల వైపు నడిపిస్తుంది. ఒకే భౌతిక యంత్రం మీద హైపర్‌వైజర్ అనే ఆతిథేయ వ్యవస్థ ఉండి, తనలో అనేక అతిథి యంత్రాలకు చోటు ఇస్తుంది. లైనక్స్ కెర్నల్‌లో 2007 నుంచి ఉన్న కేవీఎం, దాని మీద నిర్మితమైన ప్రాక్స్‌మాక్స్ వంటి ఉచిత వ్యవస్థలు దీన్ని సామాన్య కళాశాలకూ అందుబాటులోకి తెచ్చాయి. అసలు చిక్కు ఆ తరువాతి అడుగులో ఉంది.

2. డిస్కుకూ అతిథి యంత్రానికీ మధ్య దుబాసీ

అతిథి యంత్రానికి డిస్కు చూపించడానికి మూడు మార్గాలున్నాయి. మొదటిది, ఆతిథేయి తన డిస్కులో ఒక పెద్ద దస్త్రం సృష్టించి, అదే డిస్కు అని అతిథిని నమ్మించడం. రెండవది, ఒక భౌతిక డిస్కును గుర్తించి దాని చదువు, రాతలను మాత్రమే అతిథికి చేరవేయడం. మూడవది, డిస్కులు తగిలించి ఉన్న కంట్రోలర్‌నే అతిథి చేతిలో పెట్టడం.

మొదటి రెండు మార్గాల్లోనూ ఆతిథేయి దుబాసీ పాత్ర వహిస్తుంది. కోయ తెలియని పరిశోధకుడు దుబాసీ సాయంతో పాట సేకరించినప్పుడు అర్థం చేరుతుంది. కానీ తడబాటు, మౌనం, చెప్పరానిదని గాయకుడు దాటవేసిన చోటు చాలావరకు చేరవు. డిస్కు విషయంలోనూ ఇదే జరుగుతుంది. దత్తాంశం చేరుతుంది, డిస్కు ఆరోగ్యస్థితి చేరదు. ఏ సెక్టార్‌ను చదవడానికి ఎన్నిసార్లు ప్రయత్నించవలసి వచ్చిందో, ఎన్ని సెక్టార్లను డిస్కు తానే పక్కన పెట్టిందో, ఉష్ణోగ్రత ఎంతో తెలిపే స్మార్ట్ వివరాలు అతిథికి కనబడవు. చదవడంలో పొరపాటు ఎదురైనప్పుడు కొన్ని అమరికల్లో ఆతిథేయి అతిథి యంత్రాన్ని మొత్తంగా ఆపివేస్తుంది. ఆగిపోయిన యంత్రానికి తనకేమైందో తెలియదు.

దస్త్రాల సమగ్రతను కాపాడటానికి రూపొందిన జెడ్‌ఎఫ్‌ఎస్ వంటి వ్యవస్థకు ఇది ప్రత్యేకించి ఇబ్బంది. సన్ మైక్రోసిస్టమ్స్‌లో పుట్టి 2005లో బహిరంగమైన ఈ వ్యవస్థ ప్రతి దత్తాంశ ఖండానికీ చెక్‌సమ్ లెక్కించి వేరుగా దాచుకుంటుంది. చదివిన ప్రతిసారీ సరిచూస్తుంది. తేడా వస్తే మరో డిస్కులోని సమాచారంతో సరిదిద్దుతుంది. ఈ హామీ రెండు నమ్మకాల మీద నిలబడింది. వేర్వేరు డిస్కులని తనకు చూపినవి నిజంగా వేర్వేరు డిస్కులే అన్నది ఒకటి. రాసినది డిస్కు మీదికి చేరిందని చెప్పినప్పుడు నిజంగా చేరిందన్నది రెండవది. ఒకే భౌతిక డిస్కు మీద రెండు వర్చువల్ డిస్కులు సృష్టించి వాటిని జంటగా కట్టడం కొత్తగా నేర్చుకొనేవారు తరచుగా చేసే పని. ఆ డిస్కు పోతే జంట రెండూ పోతాయి. ఇక రెండవ నమ్మకం ఆతిథేయి ఎంచుకొన్న క్యాషింగ్ పద్ధతిని బట్టి ఉంటుంది. సక్రమమైన పద్ధతులు అతిథి ఆదేశాన్ని డిస్కు దాకా తీసుకువెళతాయి. వేగం కోసం ఆ ఆదేశాన్ని పట్టించుకోని పద్ధతి కూడా క్యూఈఎంయూలో ఉంది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని అటవీ మండలాల్లో దాన్ని ఎంచుకోవడం తెలిసి తెలిసి నష్టాన్ని కొనితెచ్చుకోవడమే.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. వర్చువల్ డిస్కు మీద జెడ్‌ఎఫ్‌ఎస్ నడపడం అసాధ్యమూ కాదు, ప్రతిసారీ ప్రమాదకరమూ కాదు. దాచవలసినది మళ్ళీ సంపాదించగలిగినదైతే అది చాలు. మళ్ళీ పాడించలేని పాట విషయంలో చాలదు.

3. కంట్రోలర్ చేతులు మారే తీరు

సాటా కంట్రోలర్ అంటే డిస్కులకూ ప్రాసెసర్‌కూ మధ్య నిలిచే చిప్పు. 2004 నుంచి వ్యాప్తిలోకి వచ్చిన ఏహెచ్‌సీఐ అనే ప్రమాణాన్ని అది అనుసరిస్తుంది. కంప్యూటర్ దృష్టిలో అది నెట్‌వర్క్ కార్డు, గ్రాఫిక్స్ కార్డుల వంటి ఒక పీసీఐ పరికరమే. దానికి ఒక చిరునామా ఉంటుంది. డిస్కు నుంచి దత్తాంశాన్ని ప్రాసెసర్ ప్రమేయం లేకుండా నేరుగా జ్ఞాపకంలోకి రాసే శక్తి దానికి ఉంది. దీన్నే డీఎంఏ అంటారు.

ఈ శక్తి వల్లనే అప్పగింత సున్నితమైన వ్యవహారమైంది. అతిథి యంత్రం తన జ్ఞాపకంలో ఫలానా చోట రాయమని కంట్రోలర్‌ను ఆదేశిస్తుంది. కానీ అతిథికి తెలిసిన చిరునామా దాని లోకానికి చెందినది; అసలు యంత్రంలో ఆ చోటు మరెక్కడో ఉంటుంది. నడుమ అనువాదం లేకపోతే కంట్రోలర్ పక్క యంత్రం జ్ఞాపకంలోనో, ఆతిథేయి గుండెకాయలోనో రాస్తుంది. ఆ అనువాదాన్ని హార్డ్‌వేర్‌లోనే చేసే భాగం ఐఓఎంఎంయూ. ఇంటెల్ దీన్ని వీటీ-డీ అని, ఏఎండీ ఏఎండీ-వీఐ అని పిలుస్తాయి. ఇది అనువాదకుడే కాదు, కాపలాదారు కూడా. తనకు కేటాయించని చిరునామాకు పరికరం చేసే ప్రయత్నాన్ని అడ్డుకుంటుంది. లైనక్స్‌లో ఈ ఏర్పాటును అతిథి యంత్రాలకు సురక్షితంగా అందించే వీఎఫ్‌ఐఓ అనే చట్రం 2012లో కెర్నల్ 3.6తో వచ్చింది.

ఆచరణలో జరిగేది ఇది. బయోస్‌లో వీటీ-డీ లేదా ఐఓఎంఎంయూను చేతనం చేసి, సాటా అమరికను రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐకి మార్చాలి. ఆతిథేయి మేలుకొనేటప్పుడు తన సాధారణ డ్రైవర్ కంట్రోలర్‌ను అందుకోకముందే వీఎఫ్‌ఐఓ దాన్ని పట్టుకోవాలి. ఆపై అతిథి యంత్రం అమరికలో ఆ పీసీఐ చిరునామాను చేర్చాలి. అతిథి మేలుకొన్నాక తనకు నిజమైన కంట్రోలర్, దాని వెనుక నిజమైన డిస్కులు, వాటి క్రమసంఖ్యలు, స్మార్ట్ వివరాలు అన్నీ కనబడతాయి. దుబాసీ తప్పుకున్నాడు.

4. మదర్‌బోర్డు గీసే హద్దులు

కంట్రోలర్‌ను విడిగా అప్పగించడం సాధ్యమా అన్నది నిర్వాహకుడి ఇష్టం కాదు. బోర్డు నిర్మాణం తేల్చే విషయం. రెండు పరికరాలు ఐఓఎంఎంయూ దాకా వెళ్ళకుండా తమలో తాము మాట్లాడుకొనే వీలుంటే కాపలాకు అర్థం లేదు. అందుచేత అలా వేరుచేయలేని పరికరాలన్నిటినీ కెర్నల్ ఒకే సమూహంగా లెక్కిస్తుంది. అప్పగింతకు కనీస ప్రమాణం ఈ సమూహమే. ఒకే తాళంతో ఉన్న మూడు గదుల్లో ఒకదాన్ని మాత్రమే అద్దెకివ్వడం కుదరదు.

ఇంటెల్ పాత చిప్‌సెట్లలో సాటా కంట్రోలర్ 31వ పరికరంలో 2వ విధిగా ఉండేది. అదే పరికరంలో బోర్డు ప్రాథమిక వ్యవహారాలు చూసే ఎల్‌పీసీ వంతెన, ఉష్ణోగ్రత వంటి కొలతలను మోసే ఎస్‌ఎంబస్ కూడా ఉండేవి. మూడూ ఒకే సమూహంలో పడేవి. సాటాను ఇవ్వాలంటే మిగతావాటినీ ఆతిథేయి వదులుకోవాలి. 2015లో వచ్చిన 100 శ్రేణి చిప్‌సెట్ల నుంచి సాటా 23వ పరికరంగా విడివడింది. అప్పటినుంచి పని తేలికైంది.

ఇప్పుడు పాత సామాన్ల విపణిలో చవకగా దొరికే జియాన్ ఈ5 మూడు, నాలుగో తరాల సర్వర్లలో ఉండే సీ612 చిప్‌సెట్ ఈ విషయంలో ఆసక్తికరమైనది. దానిలో రెండు సాటా కంట్రోలర్లున్నాయి: 6 పోర్టులతో ఒకటి, 4 పోర్టులతో మరొకటి. ఆరు పోర్టులది పైన చెప్పిన పాత చోటే ఉండి ఎల్‌పీసీతో ముడిపడి ఉంటుంది. నాలుగు పోర్టులది 17వ పరికరంలో విడిగా ఉంటుంది. కనుక పెద్దదాన్ని ఆతిథేయికి ఉంచి, చిన్నదాన్ని నిల్వ యంత్రానికి ఇవ్వడం సహజమైన పంపకం. అంటే నిల్వలో డిస్కుల సంఖ్య నాలుగు అని నిర్ణయించినది పరిశోధకుడి అవసరం కాదు, చిప్‌సెట్ రూపశిల్పి.

ఆ నాలుగు చాలునా? ధ్వని పరిరక్షణలో సిఫార్సు చేసే 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ ప్రమాణంలో స్టీరియో ధ్వనిముద్రణ గంటకు సుమారు 2 గిగాబైట్లు తీసుకుంటుంది. వెయ్యి గంటలకు 2 టెరాబైట్లు. నాలుగు 4 టెరాబైట్ల డిస్కులను రెయిడ్‌జెడ్2 పద్ధతిలో కూర్చితే ఏ రెండు పాడైనా సామగ్రి నిలుస్తుంది. సుమారు 8 టెరాబైట్ల చోటు మిగులుతుంది. మౌఖిక సాహిత్య విభాగానికి ధ్వని వరకు ఇది ధారాళం. దృశ్యముద్రణలు చేరితే లెక్క వేగంగా మారుతుంది. రెండు డిస్కుల భరోసా అతిజాగ్రత్త అనిపించవచ్చు. సామాన్య డిస్కులకు ఉత్పత్తిదారులే ప్రకటించే పరిమితి 10 టు ది పవర్ 14 బిట్లకు ఒక చదవరాని పొరపాటు, అంటే సుమారు 12.5 టెరాబైట్లకు ఒకటి. ఒక డిస్కు పోయి, మిగతా మూడింటిలోని సమాచారం మొత్తం చదివి కొత్తదాన్ని నింపేటప్పుడు ఈ పరిమితి కాగితం మీది అంకెగా మిగలదు.

ఏఎండీ ఎపిక్ సర్వర్లలో సాటా ప్రాసెసర్‌లోనే భాగం. ఎనిమిదేసి పోర్టుల కంట్రోలర్లు అనేకం కనబడతాయి, సాధారణంగా వేర్వేరు సమూహాల్లో. ఇక్కడి చిక్కు మరో రకం. అన్నిటికీ ఒకే ఉత్పత్తి గుర్తింపు సంఖ్య ఉంటుంది. వీఎఫ్‌ఐఓకు ఆ సంఖ్య ఇచ్చి పట్టుకోమంటే అన్నిటినీ పట్టుకుంటుంది, ఆతిథేయి తాను మేలుకోవలసిన డిస్కుతో సహా. అక్కడ గుర్తింపు సంఖ్యతో కాక పీసీఐ చిరునామాతోనే పేర్కొనాలి.

సమూహాలు అనుకూలించకపోతే వాటిని బలవంతంగా విడదీసే ఏసీఎస్ ఓవర్‌రైడ్ అనే కెర్నల్ సవరణ ఒకటి ప్రచారంలో ఉంది. ప్రధాన కెర్నల్ దాన్ని స్వీకరించలేదు. అది గోడ కట్టదు, గోడ ఉందని చెబుతుంది. విద్యార్థుల ప్రవేశ వివరాలు, ధ్వనిముద్రణలు పక్కపక్కనే ఉండే యంత్రంలో దానికి చోటివ్వకపోవడం మేలు. అటువంటప్పుడు ఎల్‌ఎస్‌ఐ చిప్పుతో వచ్చే హెచ్‌బీఏ కార్డును ఐటీ అమరికలో స్లాట్‌లో పెట్టి, ఆ కార్డునే అప్పగించడం సరైన ప్రత్యామ్నాయం. కొంత ఖర్చు, కొంత వేడి, ఒక స్లాట్ దానికి మూల్యం.

5. అప్పగింత తరువాతి చిక్కులు

కంట్రోలర్‌ను ఇచ్చాక దానికి తగిలించినవన్నీ అతిథివే. ఇది తెలిసినట్టే ఉండి తప్పుదోవ పట్టిస్తుంది. మదర్‌బోర్డు మీద ఎం.2 స్లాట్‌లో ఉన్న డిస్కు చూపుకు ఒకే తీరుగా ఉన్నా, అది సాటా రకమైతే అదే కంట్రోలర్‌కు చెందవచ్చు. ఎన్‌వీఎంఈ రకమైతే దానికి సొంత పీసీఐ చిరునామా ఉంటుంది. ఆతిథేయి ఎం.2 సాటా డిస్కు మీద నడుస్తుంటే కంట్రోలర్ చేతులు మారిన క్షణమే తన కాలికింది నేల పోతుంది. సర్వర్ బోర్డుల్లో కనిపించే సాటాడామ్ చిన్న డిస్కులకూ ఇదే వర్తిస్తుంది. ఆతిథేయికి ఎన్‌వీఎంఈ డిస్కును గానీ, వేరే కంట్రోలర్ మీది డిస్కును గానీ ముందే ఏర్పాటు చేయాలి.

జ్ఞాపకం విషయంలో బిగుతు తప్పదు. పరికరం ఎప్పుడు ఎక్కడ రాస్తుందో ఆతిథేయి ముందుగా ఊహించలేదు కనుక అతిథికి కేటాయించిన జ్ఞాపకం మొత్తం బిగించి ఉంచుతుంది. 32 గిగాబైట్లు ఇస్తే 32 గిగాబైట్లూ దానివే; పక్క యంత్రాలకు సర్దే వెసులుబాటు ఉండదు. నడుస్తున్న యంత్రాన్ని మరో సర్వర్‌కు తరలించడమూ కుదరదు. ఒకే సర్వర్ ఉన్న చోట ఈ రెండవది లోటు కాదు.

బోర్డులో కొత్త కార్డు చేర్చినా, బయోస్ మార్చినా పీసీఐ చిరునామాలు జరగవచ్చు. నిన్నటి చిరునామాలో నేడు నెట్‌వర్క్ కార్డు ఉంటే అతిథికి అదే వెళుతుంది. కొన్ని కంట్రోలర్లకు తమంత తాము పూర్తిగా పునఃప్రారంభమయ్యే సదుపాయం ఉండదు. అతిథిని ఆపి మళ్ళీ లేపినప్పుడు మొరాయిస్తే ఆతిథేయినే ఆపి లేపవలసి వస్తుంది. వాడుకలోకి తేకముందు ఒక రోజంతా ఈ ఆపడం, లేపడం పదేపదే చేసి చూడటం అవసరం.

మేలుకొనే వరుస మరో సంగతి. నిల్వ యంత్రం అందించే దస్త్రాల మీద మిగతా యంత్రాలు ఆధారపడితే అది ముందుగా లేవాలి, చివరగా ఆగాలి. ఆతిథేయి తన యంత్రాల ప్రతిరూపాలను కూడా అదే నిల్వలో దాచుకుంటే, ఇంటి యజమాని తన తాళంచెవిని అద్దెకున్నవారి గదిలో పెట్టి తాళం వేసుకున్నట్టవుతుంది. యూపీఎస్ సంకేతాన్ని ఆతిథేయి అందుకొని, ఈ వరుస ప్రకారం అన్నిటినీ ఆపే ఏర్పాటు బ్యాటరీ అయిపోకముందే ముగియాలి.

6. వరద కాలంలో డిస్కుల తరలింపు

భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది జారీ అవుతాయి. 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు నీరు చేరింది. 2022లో వంతెన మీద రాకపోకలు నిలిపివేశారు. అంటే మూడవ హెచ్చరికకూ దారి మూసుకుపోవడానికీ నడుమ ఉన్న వ్యవధిలోనే తరలించవలసినది తరలించాలి.

ఈ సందర్భంలో కంట్రోలర్ అప్పగింతకు ఉన్న గుణం స్పష్టపడుతుంది. వర్చువల్ డిస్కు దస్త్రాల్లో దాచిన సామగ్రిని తీసుకువెళ్ళాలంటే ఆతిథేయి డిస్కులు, దాని అమరికలు, ఏ దస్త్రం ఏ యంత్రానిదన్న వివరం అన్నీ వెంట ఉండాలి. అప్పగించిన కంట్రోలర్ మీది డిస్కుల్లో ఆతిథేయి ముద్ర ఏదీ లేదు. జెడ్‌ఎఫ్‌ఎస్ తన కూర్పు వివరాలను ప్రతి డిస్కు మీదా రాసుకుంటుంది. సర్వర్‌ను అక్కడే వదిలి నాలుగు డిస్కులను మాత్రం సంచిలో పెట్టుకొని కొత్తగూడెమో ఖమ్మమో చేరి, అక్కడ ఏ మామూలు కంప్యూటర్ సాటా పోర్టులకు తగిలించినా, ఏ వరుసలో తగిలించినా, జెడ్‌ఎఫ్‌ఎస్ ఉన్న లైనక్స్ వాటిని గుర్తుపడుతుంది. అక్కడ హైపర్‌వైజర్ అక్కరలేదు.

అందుకు కొన్ని జాగ్రత్తలున్నాయి. డిస్కులు తీయకముందు అతిథి యంత్రంలో నిల్వను ఎగుమతి చేసినట్టు ప్రకటించాలి. హడావుడిలో అది చేయకుండా తీసినా దత్తాంశం పోదు. కొత్త యంత్రం ఇది మరొకరి వాడుకలో ఉందని అడ్డుచెబుతుంది, బలవంతంగా స్వీకరించమని చెప్పాలి. పాత జెడ్‌ఎఫ్‌ఎస్ కొత్తదానితో చేసిన నిల్వను తెరవలేకపోవచ్చు కనుక, సరిపడే వ్యవస్థ ఉన్న పెన్‌డ్రైవ్ ఒకటి డిస్కులతోపాటే ఉండాలి. నిల్వకు సంకేతరక్షణ పెట్టి ఉంటే దాని తాళపదం నిర్వాహకుడి తలలోనే కాక మరొకచోట కాగితం మీద ఉండాలి. ప్రతి డిస్కు ట్రే మీద దాని క్రమసంఖ్య చివరి నాలుగు అక్షరాలు అంటించి ఉంచాలి. ఆ సంఖ్యలు అతిథి యంత్రానికి యథాతథంగా కనబడతాయి కనుక పాడైన డిస్కు ఏదో చీకట్లో టార్చి వెలుగులోనైనా పోల్చుకోవచ్చు. నాలుగు డిస్కులూ ఒకే సంచిలో ఒకే వాహనంలో వెళ్ళడం కూడా ఒక ప్రమాదమే. రెయిడ్‌జెడ్2 కూర్పులో ఏ రెండు డిస్కులున్నా సామగ్రి మొత్తం తెరుచుకుంటుంది. కాబట్టి రెండు ఒకరి చేతిలో, రెండు మరొకరి చేతిలో పంపవచ్చు.